గోడకెక్కిన టైర్లు

ఏడో తరగతి లెక్కల పరీక్షలో నాకు సున్నా వచ్చింది. మా సారు ఆ సున్నా చుట్టూ ఎర్ర సిరాతో ఇంకో సున్నా చుట్టి, కాగితం పైకెత్తి క్లాసంతటికీ చూపించాడు. వెనక బెంచీ నుంచి చూస్తే అచ్చం టైరులా ఉంది. నా జాతకాన్ని అంత స్పష్టంగా ఏ పంతులూ రాయలేదు. మరుసటి ఏడు బడి మానేసి ఉప్పల్‌లో ఒక టైర్ల కొట్టులో చేరాను. తర్వాత నాచారంలో సొంత కొట్టు పెట్టుకున్నాను. మోకాళ్లు మొరాయించే దాకా టైర్లు విప్పాను, ఎక్కించాను. పోయిన ఎండాకాలం షట్టరు దించేశాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు కొందరు, డర్ట్ బైక్ టైర్ల గురించి తెలిసింది రాసిపెట్టమని అడిగారు. ఎక్కువ కాలం మన్నాలి, పట్టు కూడా ఉండాలి, అలాంటిది ఎలా ఎంచుకోవాలో చెప్పమన్నారు. చెబుతాను. కాకపోతే ఇందులో గొప్పలుండవు. నేను మార్చాల్సి ఉండీ మార్చని ఒక టైరు గురించి ఇది. దాని దగ్గరికి వెళ్లే ముందు పని సంగతులు కొన్ని చెప్పాలి. అవి తెలిస్తేనే, నేను చేసింది తెలియక చేసింది కాదని మీకర్థమవుతుంది.

గోరు

నాకు పని నేర్పిన ఉస్తాద్ కొట్టు ఉప్పల్ చౌరస్తాకు దగ్గర్లో ఉండేది. అప్పటికి మెట్రో లేదు, పిల్లర్లు లేవు. దుమ్ము మాత్రం ఇంతే ఉండేది. ఎవరైనా టైరు తెస్తే ఉస్తాద్ ముందు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకునేవాడు. చూడాల్సిన సమయంలో అద్దాలు తీస్తారేంటని ఒకసారి అడిగాను.

"కండ్లు మోసం జేస్తయ్ ర. నల్లగ మెరిస్తె చాలు, కొత్తదంటయ్. గోరుకు షోకుల్లేవు. గోరుతోని సూడు" అన్నాడు.

మట్టిలో నడిపే బండి టైరుకు పైకి లేచి ఉండే రబ్బరు గుబ్బల్ని మేం బటన్లంటాం. ఉస్తాద్ బొటనవేలి గోటిని బటన్ మీద పెట్టి నొక్కేవాడు. గోరు దిగి, దాని గుర్తు మెల్లగా పూడుకుంటే ఆ రబ్బరుకు ప్రాణం ఉన్నట్టు. గోరే వంగిపోతే ఆ టైరు చచ్చినట్టు. బటన్ వేలెడు ఎత్తున్నా సరే, చచ్చినట్టే. ఎండలో, రేకుల కింద పడి ఉన్న రబ్బరు ఒక్క కిలోమీటరు తిరక్కుండానే ముసలిదైపోతుంది.

ఆ మాట నేను వినలేదు. ఒకసారి అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్న టైరు తుడిచి, కొత్తదాని లాగే ఉంది కదా అని ఒకాయన బండికి ఎక్కించేశాను. ఉస్తాద్ చూశాడు. నాతోనే విప్పించి, నాతోనే రంపంతో రెండు ముక్కలు కోయించాడు. చేతులు బొబ్బలెక్కాయి. టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ ఏ వారం తయారైందో, తర్వాతి రెండూ ఏ సంవత్సరమో చెబుతాయి. రేటు అడగకముందే అది చదవండి. సున్నా తెచ్చుకున్న నాకే వచ్చింది, మీకెందుకు రాదు?

ఉస్తాద్ చెప్పింది ఇంకొకటుంది. అది నాకు ఆలస్యంగా అర్థమైంది.

"అరిగిన టైరోడు లొల్లికొస్తడు. జారినోడు రాడు. గందుకే దుకాన్ల కూసున్నోడు లొల్లికొచ్చెటోన్ని జూసి భయపడ్తడు, రానోన్ని మర్సిపోతడు."

ఈ వృత్తి మొత్తం ఆ రెండు మాటల్లో ఉంది. టైరు తొందరగా అరిగిపోతే మనిషి కొట్టు ముందు నిలబడి పదిమందిలో పరువు తీస్తాడు. టైరు జారి పడ్డవాడు మాత్రం ఎప్పుడూ తననే తిట్టుకుంటాడు. నేను బ్రేకు తప్పుగా పట్టాను, స్పీడు ఎక్కువైంది, ధ్యాస ఎటో పోయింది అంటాడు. అందుకే మేమందరం ఏళ్ల తరబడి గట్టి రబ్బరే అంటగట్టాం. గట్టి రబ్బరు కొట్టువాడికి మంచిది.

ఏ మట్టి మీద?

కొట్టు మెట్టు ఎక్కిన ప్రతివాడూ "ఎన్ని కిలోమీటర్లొస్తదన్నా?" అనే అడిగాడు. నా మట్టి మీద ఏది పట్టుకుంటుందని అడిగినవాడు నాకు గుర్తులేడు. వాళ్లు అడగరు కాబట్టి మీరే అడగాలి.

మన వైపు ఒక్క ఆదివారం రైడులో మూడు రకాల నేల తగులుతుంది. నాగారం దాటాక మొరం, అంటే గులకరాళ్లు కలిసిన ఎర్రమట్టి. దాని మీదికి బటన్లు మరీ దూరంగా ఉండక్కర్లేదు, ఒక మాదిరి రబ్బరు చాలు. వాన పడ్డ నల్లరేగడిలోకి దిగితే బటన్ల మధ్య ఖాళీ ఎక్కువుండాలి. లేకపోతే బురద సందుల్లో ఇరుక్కుని టైరు అరిసెలా నున్నగైపోతుంది. మూడోది పరుపుబండ, అంటే నేలకు సమానంగా చాప పరిచినట్టుండే రాయి. పొడిగా ఉంటే అంత నమ్మకమైన నేల ఇంకొకటి లేదు. తడిస్తే దానంత ద్రోహి లేదు. అక్కడ బటన్ల ఎత్తు కాపాడదు. మెత్తటి రబ్బరు ఒక్కటే కాపాడుతుంది.

మన్నిక సంగతి చెబుతాను. మనోళ్ల బటన్లను తినేది మట్టి కాదు, తారు. ఉప్పల్ నుంచి మట్టి దాకా వెళ్లి వచ్చే రోడ్డు తింటుంది. మట్టి మీద గాలి కొంచెం తగ్గించాలి, రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాలి. ఆ బద్ధకం వల్లే సగం టైర్లు పోతాయి. మరీ తగ్గించినా రిమ్ము రాయికి కొట్టుకుని ట్యూబు చిరుగుతుంది. ఇక రెండు చక్రాలకూ ఒకే న్యాయం లేదు. వెనక టైరు కొంచెం గట్టిదైనా పర్వాలేదు. వెనక జారితే బండి తోక ఊపుతుంది, సర్దుకోవచ్చు. ముందు టైరు మెత్తగానే ఉండాలి. ముందు జారితే సర్దుకోవడానికి సమయం ఉండదు, నేల మీద ఉంటారు.

ఇదంతా నాకు తెలుసు. కంఠతా తెలుసు. కింద రాయబోయేది చదివేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి.

గోడ

మా కొట్టు లోపలి గోడకు వరసగా మేకులుండేవి. ఒక రోజు ఏమీ తోచక, ఒక కస్టమర్ వదిలేసిన పాత బటన్ టైరు మేకుకు తగిలించి, దాని మీద చాక్‌పీసుతో వాడి పేరూ, అది తిరిగిన కిలోమీటర్లూ రాశాను. కింద "పుణ్యాత్ముడు, పీల్చి పిప్పి చేశాడు" అని కూడా రాశాను. అంతా నవ్వారు. మరుసటి వారం ఇంకొకడు తన టైరు తెచ్చి, నాది వాడి కంటే ఎక్కువ తిరిగింది, పైన కట్టమన్నాడు.

అలా మొదలైంది. ఎక్కువ తిరిగిన టైరు పై మేకుకు, తక్కువ తిరిగింది కింది మేకుకు. ఆదివారాలు గుంపుగా గుట్టల వైపు వెళ్లే రైడర్లు పాతికమంది దాకా మా కొట్టుకే వచ్చేవాళ్లు. అందరికీ ఆ గోడ మీదే కళ్లు. సహజంగా ముందు టైర్లే గెలిచేవి, ఎందుకంటే అవి వెనకవాటి కన్నా నెమ్మదిగా అరుగుతాయి. అంటే ఏ టైరైతే మెత్తగా ఉండగానే మార్చాలో, సరిగ్గా దాన్నే చచ్చేదాకా నడపమని నేను పందెం పెట్టినట్టు. అప్పుడు నాకది తట్టలేదనను. తట్టింది. గిరాకీ బాగుంది, నవ్వులు బాగున్నాయి. ఊరుకున్నాను.

రెండేళ్ల పాటు పై మేకు ప్రసాద్ గారిది. ఆయన గోదావరి వైపు నుంచి వచ్చి ఉప్పల్‌లో స్థిరపడ్డ సైన్సు మాస్టారు. ఇస్త్రీ నలగకుండా బండి నడిపే మనిషి. ఆయన ఆరోగ్యంగానే ఉన్నారు. అదృష్టం కొందరికి అలా కలిసొస్తుంది. దాన్ని చూసి మిగతావాళ్లు లెక్క వేసుకుంటారు.

శ్రీశైలం

శ్రీశైలం జనగామ వైపువాడు. నాచారంలో ఒక కార్ఖానాలో తయారైన సామాను కొలతలు సరిచూసే పని చేసేవాడు. రోజంతా నిలబడి చేసే ఉద్యోగం. వెంట్రుకవాసి తేడా ఉన్నా ముక్కను పక్కన పడేసేవాడని తోటి పనివాళ్లే చెప్పుకునేవాళ్లు. అలాంటివాడికి సరదా అంటూ ఉన్నది ఒక్క బండే.

వానలు మొదలవబోయే ముందు, ఒక శనివారం సాయంత్రం వచ్చాడు. ప్రసాద్ గారు అప్పటికే బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు. ఇంకో నలుగురు రైడర్లున్నారు.

"అన్నా, ముందర టైరు జర సూడు. మొన్న మలుపుల పట్టు ఇడిసినట్టనిపించింది. మారుద్దామని వచ్చిన" అన్నాడు.

కూర్చుని గోటితో నొక్కాను. గోరు వంగింది. ఇంకో బటన్ నొక్కాను. అక్కడా అంతే. బటన్లు చూడబోతే ఇంకా సగం ఎత్తున్నాయి. పైకి నిక్షేపంగా ఉంది, లోపల ఏమీ లేదు.

"మీటర్ ఎంత తిరిగింది శ్రీశైలం గారూ?" అని అడిగారు ప్రసాద్ గారు.

శ్రీశైలం చెప్పాడు. ఆయన వేళ్ల మీద లెక్కేసుకుని నవ్వారు. "ఇంకో మూడొందలు తిరిగితే నన్ను దాటేస్తారు కదండీ! ఇంత దగ్గరకొచ్చి వదిలేస్తారా? సరే, మీ ఇష్టం. నాకేం, హాయిగా పైనే ఉంటాను."

అందరూ నా వైపు చూశారు. నేనేమంటానోనని చూశారు. ఎప్పుడూ ఏదో ఒకటి అంటాను కదా.

"మార్సుడెందుకు తమ్మీ?" అన్నాను. "ఇంకో మూడు ఐతారాలు ఆగు, సారును దించి నిన్ను పైకెక్కిస్త. ఇప్పుడు తీస్తె నీ టైరు గోడకు గాదు, పిల్లలు ఊగే ఉయ్యాలకు పోతది."

గొల్లుమన్నారు. శ్రీశైలం కూడా నవ్వాడు. కానీ బండి స్టార్ట్ చేయలేదు. కొలతలు చూసే మనిషి కదా, రెండోసారి అడిగాడు.

"నిజంగ నడుస్తదా అన్నా? వానలొస్తున్నయ్."

"నువ్వు భయపడకపోతె అదెందుకు భయపడ్తది?" అన్నాను.

మళ్లీ నవ్వులు. అతను హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయాడు.

తర్వాత చాలాసార్లు ఆలోచించాను, ఎందుకలా అన్నానని. ఆశ కాదు. ఆశే అయితే కొత్త టైరు అమ్మేవాణ్ని, మనిషి కొనడానికే వచ్చాడు. ఒక టైరు మీద వచ్చే లాభం కూడా వదులుకుని ఐదుగురి నవ్వు కొనుక్కున్నాను. అంతకన్నా చవకబారు కారణం ఇంకొకటుంటుందని నేననుకోను.

మూడో ఆదివారం పొద్దున బాగా వాన పడింది. గుట్ట దిగుతుంటే, తడిసిన పరుపుబండ మీద మలుపులో ముందు చక్రం పక్కకు పోయింది. స్పీడు కూడా లేదట. బండి పక్కకు ఒరిగి, అతని ఎడమ మోకాలు రాయికీ ఇంజనుకూ మధ్య పడింది.

దవాఖానాలో

రెండు ఆపరేషన్లయ్యాక చూడటానికి వెళ్లాను. అతని భార్య పద్మ మంచం పక్కన కూర్చుని బత్తాయి వలుస్తోంది. నన్ను చూసి లేచి స్టూలు ఇచ్చింది.

"నాదే తప్పన్నా. బ్రేకు గట్టిగ వట్టిన" అన్నాడు శ్రీశైలం.

చెప్పాల్సింది అప్పుడే. పద్మ ఎదురుగా ఉంది, మంచం మీద మనిషి ఉన్నాడు, తప్పు ఎవరిదో నా గోటికి తెలుసు. నోరు తెరిచాను కూడా. "నీ బ్రేకుకు మస్తు బలమున్నది తమ్మీ, రాయే పలిగిందంట" అన్నాను. నవ్వడానికి ప్రయత్నించాడు. నొప్పి పుట్టి ఆపేశాడు. కాసేపాగి గొంతు తగ్గించి అడిగాడు.

"దాటిందా అన్నా?"

బండిని తోలుకొచ్చినవాళ్లు మీటర్ నాకు చెప్పారు.

"దాటింది. ముప్పై ఎక్కువనే ఉన్నది."

అతని ముఖం ఎలా వెలిగిందో నేను రాయలేను. పద్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఏం దాటింది?" అంది.

ఆ టైరు ఊడదీసి పై మేకుకు తగిలించాను. పేరు రాశాను, అంకె రాశాను. ఫోటో తీసి అతనికి పంపాను. దండం పెడుతున్న బొమ్మ తిరిగొచ్చింది.

ఆ తర్వాత జరిగింది దానికన్నా ఘోరం. కొత్తగా వచ్చినవాళ్లు గోడ కేసి చూసి, "పైనున్నది ఏ కంపెనీ టైరన్నా? అదే ఇయ్యి" అనేవాళ్లు. ఇచ్చాను. ఒక్కడు కాదు, ఇద్దరు కాదు. ఆ టైరు కింద ఒక మోకాలుందని ఎవరికీ చెప్పలేదు. వాళ్లలో ఎవరెక్కడ జారారో నాకు తెలియదు. తెలిసే దారే లేదు.

మిగిలింది

శ్రీశైలం మోకాలు వంగదు. కార్ఖానావాళ్లు కొన్ని నెలలు స్టూలు వేసి కూర్చోబెట్టి పని చేయించుకున్నారు. ఆ పని కూర్చుని అయ్యేది కాదు, తర్వాత వద్దన్నారు. ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు. బండి అమ్మేశాడు. పద్మ జాకెట్లు కుడుతోంది.

ఏడాది తర్వాత నేను గోడ ఖాళీ చేశాను. టైర్లన్నీ దించి, మేకులు పీకి, సున్నం వేయించాను. దానివల్ల ఏదో మారుతుందనుకున్నాను. రైడర్లు నా మీద అలిగారు. పట్టు గురించి చెప్పబోతే, "అన్న ముసలోడైండు, భయం బట్టింది" అని మొహం మీదే నవ్వారు. నేను నేర్పిన నవ్వే అది, ఏమనగలను? గోడ పోతే ఏం, ఇప్పుడు ఫోన్లో గ్రూపు పెట్టుకున్నారు. ఎవరి టైరు ఎంత తిరిగిందో ఫోటోతో సహా అందులో పెడుతున్నారు. అప్పటి పాతికమంది ఇప్పుడు ఎన్ని వందలయ్యారో. నేను అమ్మినవాటన్నిటి కన్నా ఎక్కువ మన్నింది ఆ పందెమే. దాన్ని ఆపడం నా చేతిలో లేదు. ఇది చదివి మీరు ఆపుతారన్న నమ్మకం కూడా, నిజం చెప్పాలంటే, నాకు లేదు. రేపు మీ కొట్టు ముందు నలుగురు కూర్చుని మీ వైపు చూస్తారు. అప్పుడు మీ నోట్లోంచి ఏం వస్తుందో మీకే తెలియదు.

అయినా ఒక్కటి చెబుతాను. టైరు చచ్చిందని తెలిసిన క్షణంలో నోరు మూసుకుని పానా పట్టుకోండి. తర్వాత ఎన్ని జోకులైనా వేసుకోండి.

కొట్టు మూసిన వారానికి శ్రీశైలం ఇంటికి వెళ్లాను. మధ్యాహ్నం పూట. ముందు గదిలో కుర్చీలో ఉన్నాడు, కాలు ఎదురుగా బల్ల మీద చాపుకుని. లోపలి గదిలో మిషను నడుస్తోంది. మంచినీళ్లు కూడా ముట్టకుండా మొదలుపెట్టాను. ఆ శనివారం నుంచి చెప్పాను. గోరు దిగని సంగతి, ప్రసాద్ గారి మాట, నా మాట, దవాఖానాలో మింగేసిన మాట, ఫోటో, ఆ రకం టైరునే మళ్లీ మళ్లీ అమ్మిన సంగతి. ఏదీ దాచలేదు. మధ్యలో ఎప్పుడో మిషను ఆగిపోయింది.

శ్రీశైలం ఒక్కటే అడిగాడు. "టైరు ఖతమైందని నీకెరుకనేనా, గా మాట అన్ననాడు?"

"ఎరుకనే తమ్మీ."

తిడతాడని చూశాను. చెయ్యెత్తినా బాగుండుననిపించింది. పద్మ తలుపు దగ్గరకు వచ్చి నిలబడింది.

"ఏమన్న అను తమ్మీ" అన్నాను.

అతను తన కాలి వైపు కాదు, నా వైపే చూశాడు. గొంతులో కోపం లేదు.

"ఏం జెప్పినా ఏడ నవ్వాల్నో మాకు తెలిసేటట్టు జెప్తవ్ గదన్నా ఎప్పుడూ" అన్నాడు. "గింతసేపు జెప్పినవ్. ఇందుల ఏడ నవ్వమంటవ్?"